మా నాయిన పని నేను చూశాను, నా పని మా అబ్బాయి చూడలేదు

(చేనేత దినోత్సవం సందర్భంగా ఒక గ్రంథాలయంలో రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు మాట్లాడింది ఐదు నిమిషాలే గానీ, అందులో ‘మా కాలంలో’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. (నవ్వులు) ముప్పై నాలుగేళ్లు బడిలో హాజరు పిలిచినవాణ్ణి, ఈ లెక్కపెట్టే జబ్బు నాకు పోదు.

ఈరోజు నాకిచ్చిన విషయం ‘నేటి యువతలో కష్టపడే తత్వం తగ్గిందా?’ చివర ప్రశ్న గుర్తు పెట్టారు గానీ, ‘ఏరా, మళ్లీ అల్లరి చేశావా?’ అని మనం పిల్లల్ని అడిగేటప్పుడు కూడా ప్రశ్న గుర్తే పెడతాం. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అన్నమాట. ఈ హాల్లో యువత ఎక్కడుందని చూస్తే ఆఖరి రెండు వరుసల్లో కనిపిస్తోంది. మీరు టీ కోసం వచ్చారో ప్రసంగం కోసం వచ్చారో నేను అడగను. మీ గురించి మేం మాట్లాడుకుంటుంటే వినడానికి ఓపికతో కూర్చున్నారు, అది చాలు.

మాది తెలంగాణలో పుట్టపాక అనే నేతగాళ్ల ఊరి దగ్గర ఒక చిన్న ఊరు. నేను 1957లో పుట్టాను. ఇల్లంటే రెండు అర్రలు. పెద్ద అర్రలో మగ్గం, చిన్న అర్రలో మేము. అంటే ఇంట్లో పెద్ద గది మగ్గానిది, మిగిలింది మనుషులది. గుంట మగ్గం కాబట్టి నేలలో గొయ్యి, ఆ గొయ్యిలో మా నాయిన కాళ్లు. చిన్నప్పుడు నాకు మా నాయిన నడుము నుంచి పైకే ఉంటాడని ఒక నమ్మకం. (నవ్వులు) నేను నిద్ర లేచేసరికి ఆయన గుంటలో ఉండేవాడు, పడుకునేటప్పుడూ గుంటలోనే ఉండేవాడు. మగ్గం మీద పోగును మోసే నాడె ఇటు నుంచి అటు కొట్టుకునే చప్పుడులోనే అక్షరాలు నేర్చుకున్నాను. ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. ఆగిందంటే పోగు తెగిందని, లేదా నూలిచ్చి నేయించుకునే సేటు మనిషి వచ్చాడని అర్థం.

బడికి పోయే ముందు నేను కండెలు, అంటే నాడెలో పెట్టే నూలు చుట్లు, చుట్టాలి. ఎన్నని ఎవరూ చెప్పరు. నాయినకు సాయంత్రం దాకా సరిపోవాలి, అంతే. తక్కువైతే బడి నుంచి వచ్చాక ఆయన నోటితో ఏమీ అనడు, ఖాళీ కండె నా ముందు పెడతాడు. అంతకంటే పెద్ద తిట్టు నాకు ఇప్పటికీ తెలియదు. అచ్చు అతకాల్సిన రోజైతే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. పడుగంటే నిలువు పోగులు. పాత పడుగు కొసకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. అందులో ఒకటి తప్పితే నేతలో చార వస్తుంది, ఆ చార మీద సేటు మజూరి కోసేస్తాడు.

ఇదంతా చెబుతుంటే ముందు వరుసలో పెద్దవాళ్లు తలలు ఊపుతున్నారు. ‘చూశారా, అదీ పెంపకం అంటే’ అనుకుంటున్నారు. ఆగండి. నేను ఆ కండెలు ఇష్టపడి చుట్టలేదు. తప్పించుకునే దారి లేక చుట్టాను. మా నాయినకు గుంటలో కూర్చోవడం ఒక విలువ, ఒక ఆదర్శం ఏమీ కాదు. సేటు దగ్గర బాకీ ఉంది, పడుగు మగ్గం మీద ఉంది, అది దిగితేనే ఇంట్లో గింజలు. వానాకాలం గుంటలోకి నీళ్లు ఊరితే పని ఉండేది కాదు. ఆ రోజుల్లో ఆయన ఏం చేసేవాడో తెలుసా? అరుగు మీద పడుకుని హాయిగా నిద్రపోయేవాడు. మా నాయిన స్వభావం కష్టపడేదా, బద్ధకించేదా అని నన్ను అడిగితే, గుంటలో నీళ్లు ఉన్నాయా లేవా అని నేను తిరిగి అడుగుతాను.

మా తాత దృష్టిలో అయితే మా నాయిన పచ్చి సోమరి. నమ్ముతారా? తాత తేలియా రుమాళ్లనే గుడ్డలు నేసినవాడు. ఆ నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసకాలి. ఎండలో ఆరబెట్టాలి, మళ్లీ పిసకాలి. ఒళ్లంతా నూనె కంపు. తేల్ అంటే నూనె, అందుకే దానికి తేలియా అని పేరు. 1970 ప్రాంతంలో మా వైపు పోచంపల్లిలో పట్టు నేత మొదలైంది, మా నాయిన కూడా అటు మళ్లాడు. పట్టును అలా పిసకాల్సిన పని లేదు. ఇక తాత మొదలుపెట్టాడు: “నూలు పిసకనోడు నేతగాడేందిరా? ఎవడో తీసిన పట్టు తెచ్చి నేసుడంటే, వండిన బువ్వ తినుడే గదా!” పొద్దున్నుంచి రాత్రి దాకా గుంటలో ఉండే మనిషిని అన్నాడు ఈ మాట. ఆ రోజు నాకు పదమూడేళ్లు. నాకు నవ్వు వచ్చింది, నాయినకు రాలేదు.

అదే నాయిన తర్వాత నన్ను ఎలా అన్నాడో చెప్పాలి కదా. 1981లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మొదటి సర్కారు కొలువు. ఊరంతా స్వీట్లు పంచింది ఆయనే. కానీ ఆ ఉద్యోగంలో పని ఎక్కడుందో ఆయనకు చివరి దాకా అర్థం కాలేదు. సాయంత్రం ఇంటికి రాగానే అడిగేవాడు: “ఎన్ని మూరలైంది ఇయ్యాల?”

“పిల్లలకు పాఠం చెప్పిన నాయినా.”

“అది సరే. ఎన్ని మూరలైంది?”

వేళాకోళమే, కాదనను. కానీ అందులో నిజమైన సందేహం కూడా ఉంది. పొద్దంతా పనిచేస్తే సాయంత్రానికి కంటికి కనిపించేది, చేత్తో కొలిచేది ఏదో ఒకటి ఉండాలి కదా. గుడ్డ లేదు, ధాన్యం లేదు, కుండ లేదు. చాక్‌పీస్ పొడి తప్ప నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఒక తరానికి ఇంకో తరం పని ఎందుకు పనిలా కనిపించదో నాకు ఆ మూరల ప్రశ్నతోనే కొంత అర్థమైంది. కొంతే. మిగతాది అర్థం కావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, అదీ నా సొంత అబ్బాయి చేతుల్లో దెబ్బ తిని.

దానికి ముందు ఒక మాట. ఈ మూరల లెక్కలో మా అమ్మ ఎక్కడా రాదు. పోగులకు ముడులు కట్టి రంగులద్దే చిటికి నేతకు పేక నూలును, అంటే అడ్డ పోగులను, ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం ఉంటుంది. ఒక చివర కూర్చుని, చేయి చాచి పోగును ఆ మేకుల మీదుగా ఇటూ అటూ తిప్పుతూ పోవాలి. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేల సార్లు అదే చేయి, అదే భుజం. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి పోసేది, చంటివాణ్ణి పడుకోబెట్టి పోసేది. మజూరి మాత్రం మగ్గానికి, అంటే నాయిన పేరుకు. ‘మీ అమ్మ ఏం చేస్తుంది?’ అని బడిలో అడిగితే నేను ‘ఏం చెయ్యదు సార్, ఇంట్లో ఉంటది’ అన్నాను. రాత్రి భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టుకునే మనిషి గురించి అన్నాను ఆ మాట. 2019-20 నాలుగో చేనేత గణనలో దేశంలో చేనేత పని మీద ఉన్నవాళ్లు 35.22 లక్షలు, అందులో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే అని తేలింది. మన కాలంలో మగవాళ్లం ఎంత కష్టపడ్డామో చెప్పుకునేటప్పుడు, ఆ కష్టంలో సగం ఎవరి భుజం మీద నడిచిందో కూడా చెప్పుకోవాలి. మా కోడలు ఉద్యోగానికి పోతుంది, మా అబ్బాయి కూర వండుతాడు. ‘ఈ కాలం ఆడపిల్లలకు ఓపిక లేదు’ అని మా బంధువొకాయన అంటే, మా అమ్మ ఏమందో తెలుసా? “నాకెవడన్న వండిపెడితే నాకు గూడ ఓపిక లేకనేపోవు” అంది. (నవ్వులు, చప్పట్లు)

ఆసు మాట వచ్చింది కాబట్టి చింతకింది మల్లేశం గారి గురించి చెప్పకుండా ఉండలేను. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. పెద్ద చదువులు చదవలేదు, హైస్కూలు కూడా పూర్తి కాకుండానే మగ్గం ఎక్కాడు. వాళ్లమ్మ లక్ష్మి గారు ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడటం చూశాడు. ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. వాళ్లమ్మ పేరు మీదే లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ కథ మనం ప్రతి చేనేత సభలోనూ చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. కానీ మీ ఇంట్లో అబ్బాయి ‘నాన్నా, ఈ పని ఇంత కష్టంగా ఎందుకు చెయ్యాలి, వేరే దారి లేదా’ అంటే మనం ఏమంటాం? ‘పని తప్పించుకోవడానికి సాకులు’ అంటాం. నేను మా బడిలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ అబ్బాయిల్లో ఎవరెవరు ఏం చేసి ఉండేవారో ఇప్పుడు ఎలా తెలుస్తుంది?

మల్లేశం గారి విషయంలో నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆయన అమ్మ కష్టాన్ని చూశాడు. కళ్లెదుట, ఇంట్లో, రోజూ. నేనూ చూశాను, నాకు యంత్రం రాలేదు, అది నా తెలివి. కానీ చూశాను. ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

మా అబ్బాయి 1988లో పుట్టాడు. అప్పటికి మేము హైదరాబాద్ వైపు వచ్చేశాం. సెలవుల్లో ఊరికి పోతే వాడు మగ్గం దగ్గరికి ఉరికేవాడు. గుంటలోకి దిగుతాననేవాడు. నేను చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేవాణ్ణి. ‘అది మనకొద్దు బిడ్డా’ అనేవాణ్ణి. నేను పడ్డది వాడు పడకూడదు. గ్యాస్ సిలిండర్ నేనే ఎత్తాను, రేషన్ క్యూలో నేనే నిలబడ్డాను, కరెంటు బిల్లు, బ్యాంకు, అన్నీ నేనే. వాడు చదువుకోవాలి. బడి నుంచి తెచ్చిన జవాబు పత్రాలు రాత్రి దిద్దుకునేటప్పుడు వాడు వచ్చి పక్కన కూర్చుంటే, ‘ఇక్కడేం పని, పోయి చదువుకో’ అని పంపేవాణ్ణి. ఇంటర్‌కు హాస్టల్‌లో వేశాను. తెల్లవారుజామున ఐదింటికి గంట, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. నేను కండెలు చుట్టింది గంటో రెండు గంటలో. వాడు పదహారో ఏట పదిహేను గంటలు కూర్చున్నాడు. అయినా నేను దాన్ని కష్టం అనుకోలేదు, చదువు అనుకున్నాను. మా నాయిన నా పాఠాన్ని పని అనుకోనట్టే.

ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది. ఒకరోజు బ్యాంకుకు పంపితే డీడీ ఎలా తీయాలో తెలియక తిరిగి వచ్చాడు. నేను ఇంతెత్తున లేచాను. ‘నీ వయసులో నేను చెల్లెలి పెళ్లి చేశాను, నీకు ఒక ఫారం నింపడం రాదా? కష్టం అంటే ఏంటో తెలియకుండా పెరిగావు!’ వాడు చాలా మెల్లగా అన్నాడు: “తెలియకుండా పెంచాననే కదా నాన్నా, నువ్వు అందరికీ గొప్పగా చెప్పేది?”

ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి వాడు, కోడలు మా ఇంటికి వచ్చి ఉన్నారు. అంతకుముందు పదేళ్లుగా వాడి ఉద్యోగం గురించి నాకు తెలిసింది జీతం, కంపెనీ పేరు, ఏసీ బస్సు. వచ్చిన మొదటి వారం, పొద్దున పదింటికి లేస్తుంటే ఒళ్లు మండేది. ఒక రాత్రి రెండున్నరకు నీళ్ల కోసం లేచాను. వాడి గదిలో లైటు. చెవులకు అవి తగిలించుకుని ఇంగ్లిష్‌లో ఎవరికో సర్దిచెబుతున్నాడు. చెమటలు పట్టి ఉన్నాయి. అమెరికా వాళ్లకు అది పట్టపగలు, అక్కడ ఏదో ఆగిపోయిందట. మా అమ్మకు అప్పటికి ఎనభై దాటాయి, ఆమెకు నిద్ర తక్కువ. తలుపు దగ్గరే కూర్చుని వింటోంది. నన్ను అడిగింది: “రాత్రంత ఎవరితోని కొట్లాడుతుండురా వీడు?” తెల్లారి వాడు బయటికి రాగానే, మా నాయిన పోయిన ఇన్నేళ్లకు, ఆయన ప్రశ్న ఆమె అడిగింది. “ఎన్ని మూరలైంది కొడుకా?”

“జానెడు కూడా కాలేదు నానమ్మా. పోగు ఎక్కడ తెగిందో దొరకలేదు.”

ఆమెకు పూర్తిగా అర్థమైంది. నాకే కాలేదు. (నవ్వులు) తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను, ఏం చేస్తావురా నువ్వు అని. గంటసేపు చెప్పాడు. ముప్పై రెండేళ్ల కొడుకును మొదటిసారి అడిగాను ఆ ప్రశ్న.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను పిల్లల చేత పని చేయించమని అనడం లేదు. తొంభైలలో మేము టీచర్లం ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడికి తెచ్చేవాళ్లం. అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ వాళ్లు బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికులే అని గట్టిగా చెబుతుండేవారు. నేనూ అదే చెబుతూ ఒక ఇంటికి పోతే, మగ్గం మీదున్న ఆయన నాడె ఆపకుండానే అన్నాడు: “సారూ, మీరు కండెలు చుట్టే కదా సారు అయిండ్రు?” నాకు నోట మాట రాలేదు. చట్టం కూడా అక్కడే తడబడింది. 1986 బాలకార్మిక చట్టం ఇంట్లో కుటుంబంతో నడిచే పనిని వదిలేసింది. 2016లో సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధించారు, బడి వేళ తర్వాత కుటుంబం నడిపే పనిలో సాయం చేయడాన్ని మాత్రం మినహాయించారు. ఆ మినహాయింపు మీద ఇప్పటికీ కొట్లాట ఉంది. నా మటుకు నాకు ఒక గీత ఉంది. పని పిల్లవాడి బడిని మింగితే అది పెంపకం కాదు, బాకీ తీర్చడం. నేను గీతకు ఇవతల పడ్డాను, నా పక్కింటి అబ్బాయి అవతల పడ్డాడు. వాడు నాకంటే లెక్కలు బాగా చేసేవాడు. ఐదో తరగతితో ఆగి, తర్వాత మహారాష్ట్రలోని భీవండికి మరమగ్గాల మీదికి పోయాడు.

ఈ మధ్య గంటల గొడవ ఒకటి నడిచింది కదా. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారి నోట 90 అనే అంకె వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48 అంది. మా నాయిన 90 ఎప్పుడో దాటేశాడు. ఆయనకు ఎవరూ సన్మానం చేయలేదు. పోయేటప్పుడు సేటు దగ్గర బాకీ ఇంకా మిగిలే ఉంది. కాబట్టి గంటలు పెరిగితే బతుకు పెరుగుతుందని నేను ఒప్పుకోను. ఎవరి మగ్గం, ఎవరి నూలు, లాభం ఎవరిది అని ముందు అడుగుతాను.

పిల్లల్లో నాకు నచ్చనివి లేవా? ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. ‘మెసేజ్ పెట్టండి’ అంటారు. ఆరు నెలలకో కంపెనీ మారతారు, ఎందుకంటే చెప్పరు. పక్కింటివాళ్ల పేరు తెలియదు. అచ్చు అతకడానికి మా ఇంటికి పిలవకుండానే నలుగురు వచ్చేవాళ్లు. మా అబ్బాయికి అలా వచ్చే నలుగురు ఉన్నారా అన్నది నా దిగులు. అంతేగాని వాడు కష్టపడటం లేదన్నది కాదు.

మొన్న వర్షంలో మా ఇంటికి భోజనం తెచ్చిన అబ్బాయి మా ఊరివాడే, మా వాడకట్టువాడే. డిగ్రీ చదివాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. లోపలికి రమ్మంటే ‘ఇంకో ఆర్డర్ ఉంది సార్’ అన్నాడు. ఎంత వస్తుందని అడిగితే, ఆర్డరుకు ఇంత అని చెప్పాడు. ఆలస్యమైతే రేటింగ్ పోతుందట. వాళ్ల తాతకు చీరకు ఇంత మజూరి. చార వస్తే కోత. సేటు అప్పుడు నెలకోసారి వచ్చేవాడు, ఇప్పుడు జేబులోనే ఉంటాడు. 2009-10 గణనలో 43 లక్షలున్న చేనేత మంది పదేళ్లలో 35 లక్షలకు వచ్చారంటే, ఆ తగ్గినవాళ్లు ఎక్కడో కూర్చుని రీల్స్ చూస్తున్నారని అనుకోకండి. ఇలా వానలో తిరుగుతున్నారు.

మా ఊళ్లో మగ్గం గుంట మీద బండలు వేయించింది నేనే. మా మనవడికి ఏడేళ్లు. ఊరికి పోయినప్పుడల్లా ఆ చోట గెంతుతాడు, అక్కడ చప్పుడు డొల్లగా వస్తుందని. కింద ఏముందని అడిగాడు. చెప్పాను. “ముత్తాత కాళ్లు అందులో ఉన్నాయా?” అన్నాడు. (నవ్వులు)

చీటీ వచ్చింది, టైమ్ అయిపోయిందట. ఆఖరి వరుస నుంచి ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా… ‘మీ అబ్బాయి ఈ ప్రసంగం వింటే ఏమంటారు?’ అని అడుగుతోంది. వాడి అనుమతి తీసుకునే చెప్పానమ్మా ఇదంతా. రికార్డు చేసి పంపమన్నాడు. ఒకటిన్నర స్పీడులో వింటాడట.

(నవ్వులు, చప్పట్లు)